పట్టుచిలుకల గదిలో తాంబూలాలు

మా నాయన తన అక్క కూతురిని పెండ్లి చేసుకున్నాడు. ఆ అక్కే మా అవ్వ. అవ్వకు పిల్లలిద్దరే: పెద్దది మా అమ్మ, చాలా ఏండ్ల తర్వాత పుట్టినవాడు మా మామ. కూతురిని తమ్మునికిచ్చింది గనక తమ్ముని కూతురు తన కొడుక్కే రావాలని అవ్వ పట్టు. నేను పుట్టినప్పుడు పెనుకొండ నుంచి వచ్చి, చేటలో పడుకోబెట్టిన నన్ను చూసి, "ఇది మా ఇంటికే" అనేసిందట. మా వైపు దీన్నెవరూ వింతగా చూడరు. బయటి సంబంధం చేసుకుంటేనే, "ఇంట్లో పిల్లను పెట్టుకుని వీళ్లకేం పొయ్యేకాలం" అని అడుగుతారు.

నాకు ముందు అక్క ఉంది. అక్కకు పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు, మాటలు రావు. చేతులతో, కండ్లతో మాట్లాడుతుంది. ఆ భాష మా ఇంట్లోనే పుట్టింది, మా ఇంట్లోనే చెల్లుతుంది. పెద్దదాన్ని ముందు అడగడం ఆచారం. మామకు అక్కను అడగలేదు, నన్నడిగారు. అక్క ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు కాబట్టి దానికి పట్టింపు లేదని ఇంట్లో అందరం అనుకున్నాం.

మాది హిందూపురం. ఊరి చివర నాయన పట్టుపురుగుల గుడ్లు తయారుచేసే కేంద్రం నడిపేవాడు. జనం దాన్ని గ్రైనేజీ అనేవాళ్లు. అటు లేపాక్షి దాకా రైతులు మా దగ్గర గుడ్లు కొనుక్కుపోయి పురుగులు పెంచేవాళ్లు. పని తెలియనివాళ్ల కోసం నాలుగు మాటల్లో చెప్తాను. విత్తనానికని తెచ్చిన పట్టుగూళ్లను తొలుచుకుని, తెల్లారే వేళకు రెక్కల పురుగులు బయటికొస్తాయి. వాటిని మేం చిలుకలంటాం. రెక్కలుంటాయి గానీ ఎగరలేవు. పచ్చగూళ్లది మన నాటుజాతి. ఎండకు తట్టుకుంటుంది, దారం తక్కువ. తెల్లగూళ్లది బయటిజాతి. దారం బాగా ఇస్తుంది, మన ఎండకు తట్టుకోలేదు. పచ్చగూటి ఆడదాన్ని తెల్లగూటి మగదానితో జత కలిపితే, పుట్టే పురుగుకు తట్టుకునే బలమూ వస్తుంది, దారమూ వస్తుంది. అందుకని పచ్చగూళ్ల చిలుకలు బయటపడగానే ఆడవాటినీ మగవాటినీ వేరుచెయ్యాలి. కొంచెం ఆలస్యమైతే ఒకే తట్టలోనివి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. వాటికి వావీవరసా తెలియదు. మనిషే చూసుకోవాలి.

ఆ గది నాకు ఇష్టం. అక్కడ మాట్లాడాల్సిన పని లేదు. నేను మాట్లాడటానికి భయపడే పిల్లను. చుట్టాలొస్తే వంటింటి తలుపు వెనక్కి పోయేదాన్ని. చెప్పాలనుకున్నదంతా రాత్రి డైరీలో రాసుకునేదాన్ని. మామ నాకు వద్దన్న మాట అందులో ఎన్ని పేజీల్లో ఉందో, నోటితో మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

నేను డిగ్రీలో జువాలజీ చదివిన రోజుల్లోనే మనిషి జన్యువులన్నీ చదివేశారని పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చింది. కాలేజీ లైబ్రరీలో కూర్చుని ఆ కథనాలన్నీ చదివి, నాకర్థమైన మాటల్లోకి మార్చుకునేదాన్ని. ప్రతి జన్యువూ మనలో రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి అమ్మది, ఒకటి నాయనది. ఒక ప్రతిలో తప్పున్నా రెండోది కాపాడుతుంది. దగ్గరి చుట్టాలు పెండ్లాడితే ఒకే పెద్దల నుంచి దిగిన అదే తప్పు రెండు వైపుల నుంచీ బిడ్డకు అందే అవకాశం పెరుగుతుంది. పెరుగుతుంది, అంతే. చాలామంది పిల్లలు బాగానే పుడతారు. ఈ చివరి వాక్యం కింద గీత గీసుకున్నాను, ఎందుకంటే మా క్లాసులో పాఠం చెప్పిన మేడం దాన్ని వదిలేసింది.

మేడం కోస్తా నుంచి వచ్చింది. ఒక ప్రాక్టికల్స్ రోజు ఎవరి కుటుంబపు వంశపటం వాళ్లను గియ్యమంది. ఆడవాళ్లకు గుండ్రం, మగవాళ్లకు చతురస్రం, చుట్టరికపు పెండ్లికి జంట గీత. గీసి చూస్తే అందరివీ మెలికల ముగ్గులే. నా పక్కనున్న పిల్ల, "మేడం, మా జేజి ఎక్కడ పెట్టినా ఇంకెవరికో అత్త అయితాంది, ఇంకో కాగితం ఇయ్యండి" అంటే క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు.

"మీ సీమవాళ్లకు బయట మనుషులే దొరకరా?" అంది.

నా పటం చేతిలోకి తీసుకుని జంట గీతను వేలితో తడిమి, "మీ ఇంట్లో సరిగ్గా లేని పిల్లలు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"లేరు మేడం."

గొంతు నాదేనా అని నేనే ఉలిక్కిపడ్డాను. ఆ మూడేండ్లలో క్లాసులో అందరికీ వినపడేలా నేను పలికిన మాట అదొక్కటే అనుకుంటా. అబద్ధం చెప్పానని ఆ రోజూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. మేడం చెప్పే సైన్సు తప్పు కాదు. కానీ ఆమె చూపు మా అందరినీ ఒక తట్టలో వేసి చెడిన విత్తనమని పక్కన పెట్టే చూపు. మామ వద్దన్న నా మాటకు ఆమె పాఠం తోడొస్తుందనే ఆశ అంతకు ముందు ఉండేది. ఆ రోజు ఆ తోడు నాకు అక్కర్లేదనిపించింది. కానీ ఇంకేం తోడుందో తెలియలేదు.

ఆ వేసవిలోనే అవ్వ పెనుకొండ రమ్మని కబురు పెట్టింది. మాట ఖాయం చేసుకోవడానికి. మామ ధర్మవరంలో పట్టు నూలు అంగడిలో పనిచేసేవాడు, ఆయనా వచ్చాడు. మా ఇంటిల్లిపాదీ సాయంత్రం బస్సుకు పోయాం, తెల్లారే మొదటి బస్సుకు తిరిగి రావాలని. గ్రైనేజీలో పనిచేసే ఆడవాళ్లందరూ అదే రోజు లేపాక్షిలో ఒక పెండ్లికి పోయారు. మర్నాడు చిలుకలు రావని, ఇంకొక రోజు పడుతుందని నాయన లెక్కేసుకున్నాడు. ఎండలు ఆయన లెక్క వినలేదు. దానికి తోడు పొద్దున అవ్వ, "వియ్యంకునివి అయినావు, ఏమీ తినకుండా పోతాండావా తమ్ముడా" అని ఓళిగలకు పిండి కలిపి కూర్చోబెట్టింది. వియ్యంకుడన్న మాట మొదటిసారి విని నాయన మురిసిపోయాడు. మొదటి బస్సు పోయింది, రెండోదీ పోయింది.

మేం ఇల్లు చేరేసరికి ఎండ ముదిరింది. గది తలుపు తీస్తే రెక్కల చప్పుడు. పచ్చగూళ్ల తట్టలన్నింటిలోనూ చిలుకలు తమలో తాము జతకట్టేసి ఉన్నాయి. తెల్లగూళ్ల మగవి ఇంకా గూళ్లలోనే ఉన్నాయి.

నాయన తలుపు దగ్గరే నిలబడిపోయాడు. అమ్మ, "ఇప్పుడు విడదీస్తే?" అంది.

"విడదీసి ఏం లాభం? ఒగే గూటి జాతి ఒగదానితో ఒగటి కలిసిపోయినాయి. ఈ గుడ్లు రైతుకిస్తే పురుగు ఆకు తింటాది గానీ గూడు పల్చగా వస్తాది. వాడు నన్ను నమ్మి ఏడాదంతా ఆకు పెంచినాడు. నేను వానికి ఇట్లాంటి విత్తనం ఇస్తానా?"

ఆ చిలుకలన్నిటినీ గోతిలో వేసి సున్నం చల్లించాడు. అన్నం తినలేదు. నేను మాత్రం ఆయన అన్న మాటల దగ్గరే ఆగిపోయాను. అప్పుడే పెనుకొండలో నన్నిస్తానని మాట ఇచ్చి వచ్చిన మనిషి ఆయన. గదిలో ఒక ధర్మం, ఇంట్లో ఒక ధర్మం. రెండింటి మధ్యా ఉన్నది ఒక గడప మాత్రమే. దాన్ని రోజుకు ఎన్నిసార్లు దాటినా ఆయన కాలికి తగల్లేదు.

తాంబూలాల రోజు తర్వాతి విడత చిలుకలు వచ్చే రోజే పడింది. అవ్వ పంచాంగం చూసి పెట్టించింది, చిలుకలు పంచాంగం చూడవు. తెల్లారినప్పటి నుంచీ నాయన, అక్క, నేను, పనిచేసే ఆడవాళ్లు తట్టల ముందు కూర్చున్నాం. అక్క చెయ్యి మాలో ఎవరిదానికన్నా వేగం. పొట్ట లావున్నది ఇటు, రెక్కలు కొట్టుకుంటూ తిరిగేది అటు. ఇంట్లోంచి తాలింపు వాసన వస్తోంది. అవ్వ కొత్తచీర కట్టుకుని గదిలోకే వచ్చేసింది. వెనక గడప బయట మామ తాంబూలాల పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమ్మే, ఇంకా ఈడే ఉండావా? లేసి మొగం కడుక్కో పో. పురుగులు యాడికీ పోవులే."

నేను లేవలేదు. "నేను రాను అవ్వా" అన్నాను.

"యాడికి?"

"తాంబూలాలకు. నాకు ఈ పెండ్లి వద్దు."

పని చేసే ఆడవాళ్ల చేతులు ఆగాయి. నాయన తల ఎత్తాడు. అవ్వ నవ్వింది.

"సిగ్గు పడతాంది" అంది మామ వైపు తిరిగి. "సిగ్గుకు మాటలు కూడా వస్తాండాయి చూడు."

"సిగ్గు కాదు అవ్వా." ఇంక ఆగితే మళ్లీ జన్మలో మాట్లాడనని తెలిసి, నాయన వైపు తిరిగాను. "నాయనా, మొన్న ఆ చిలుకలన్నీ ఎందుకు గోతిలో వేస్తివి? ఒకే జాతివి కలిసిపోయినాయని. రైతుకు అట్లాంటి విత్తనం ఇయ్యనంటివి. నువ్వూ అమ్మా చుట్టాలు. మామ అమ్మకు తమ్ముడు, నీకు అక్క కొడుకు. మామా నేనూ రెండు దారుల్లో చుట్టాలం. చిలుకకు చూసింది నాకు చూడవా?"

నాయన కంటే ముందు అవ్వ అందుకుంది.

"పురుగులూ మనుషులూ ఒగటేనా మే? నా బిడ్డను నా తమ్మునికిచ్చినా. ఒగనాడు చెయ్యెత్తినాడా? ఒగ పూట అన్నానికి ఎదురుచూసిందా? బయటింటికి పోయిన పిల్లలను చూడలేదా నువ్వు, ముదిగుబ్బలో మన చుట్టాల పిల్లను ఎట్లా చూస్తాండారో? నా దగ్గరికొస్తే నీకు అత్త యాడుండాది? నేనుండా. అన్నం పెట్టేది నేను, తల దువ్వేది నేను."

ఇది నిజం. ఇప్పటికీ ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. బయటి ఇండ్లకు పోయిన ఆడపిల్లల కష్టాలు నేనూ చూశాను. అవ్వకు తెలిసిన రక్షణ అదే, అది చాలామందిని కాపాడింది కూడా. నేను తడబడటం అవ్వ కనిపెట్టింది. ఒక అడుగు ముందుకేసింది.

"ఇంతకీ నువ్వనేది ఏంది? మేనరికం తప్పయితే మీ అక్క పుట్టింది తప్పనేనా? దాన్నీ గోతిలో వేసి సున్నం చల్లాల్నా?"

నేను అక్క వైపు తిరిగాను. అక్క చెవుడు మేనరికం వల్ల వచ్చిందో కాదో ఎవరికీ తెలియదు. పరీక్ష ఎవరూ చెయ్యలేదు. నేను అక్క పేరు ఎత్తలేదు, ఎత్తకూడదని ముందే అనుకున్నాను. అయినా నా మాటల చివర అక్కే నిలబడి ఉంది.

అక్క అవ్వ పెదవులు చూస్తూనే ఉంది. చేతిలో ఉన్న చిలుకను తట్టలో పెట్టి లేచింది. అవ్వకు ఎదురుగా వచ్చి తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత చేతిని గాల్లోకి ఎత్తి, తన తల మీదుగా దాటించి, నా వైపు చూపించింది. మళ్లీ అవ్వ వైపు వేలు పెట్టింది. మా ఇంటి భాష తెలియని మామకు కూడా అర్థమైంది. "నన్ను దాటుకుని దాని దగ్గరికి పోయింది మీరు, అది కాదు" అంటోంది అక్క.

అవ్వ మొహం పక్కకు తిప్పుకుంది. అక్క వదల్లేదు. గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. నన్ను చూపించి, అరచెయ్యి అడ్డంగా ఊపింది. "అది వద్దంటాంది." రెండు చేతులూ విప్పింది. "ఇంకేం కావాల?"

అప్పటిదాకా కనపడని అమ్మ ఎప్పుడొచ్చిందో, గరిటె చేతిలో పట్టుకుని తలుపు దగ్గర ఉంది. "నా పెండ్లప్పుడు నన్నడిగింటే నేను సరే అనేదాన్నేమోమా" అంది అవ్వతో. "అడగలేదు, అంతే."

నాయన కండ్లు తట్టల మీదనే ఉన్నాయి. "అక్కా, మగచిలుకలను జత కలిపే వేళయింది. ఈపొద్దు వద్దులే" అన్నాడు.

"ఈపొద్దు కాకుంటే ఎప్పుడు?"

నాయన నా వైపు చూశాడు. జవాబు నన్నే చెప్పమన్నట్టు.

"ఎప్పుడూ కాదు" అన్నాను.

మామ పళ్లెం గడప మీద పెట్టేసి, "అమా, పద" అని బయటికి పోయాడు. ఆయనకు కూడా ఊపిరాడిందేమోనని తర్వాత అనిపించింది. తర్వాతి ఏడాదే తనకల్లు ఊరి పిల్లను చేసుకున్నాడు.

ఇది జరిగి ఇన్నేండ్లయింది. నేను పురుగుల జన్యువుల మీదనే ఎమ్మెస్సీ చేశాను. మన దేశంలో ఎన్నో కులాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి మొదలై, తరతరాలుగా లోపలే పెండ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని, ఆ గుర్తులు ఇప్పటికీ మన జన్యువుల్లో ఉన్నాయని పరిశోధనలు ఇప్పుడు చెప్తున్నాయి. పెంపుడు పట్టుపురుగునూ దాని అడవి చుట్టాన్నీ పక్కపక్కన పెట్టి జన్యువులు చదివారు. అడవిది ఎగురుతుంది. మనది ఎగరదు. వేల ఏండ్లు మనిషి కూర్చోబెట్టి, ఏరి, జతలు కలిపితే ఇట్లా తయారైంది. ఇవన్నీ ఇష్టంగా చదువుతాను. కానీ వీటిని ఎవరైనా మా ఇంటి మీదికి కర్రలా ఎత్తితే ఒప్పుకోను. "మీరు సైన్సు చదివారు కాబట్టి బయటపడ్డారు" అని మెచ్చుకునేవాళ్లుంటారు. కాదు. సైన్సు ఆ రోజు సగం దారిలోనే నిలిచిపోయింది. అవ్వ వేసిన ఒక్క ప్రశ్నకే అది కూలిపోయింది. మేనమామ బదులు ఎక్కడో దూరపు, ఏ చుట్టరికమూ లేని వాణ్ని తెచ్చి, రక్తం పరీక్షలన్నీ బాగున్నాయని కాగితం చూపించినా నేను అదే మాట అనేదాన్ని. వద్దు అనే హక్కు నాకు ఉంది. చిలుకకూ నాకూ తేడా ఏమన్నా ఉంటే అదే.

తాంబూలాలు ఆగిన ఆ రోజు అవ్వ పోలేదు. మామ ధర్మవరం పోయాడు గానీ ఆమె కదల్లేదు. అన్నం తినలేదు, కొత్తచీర విప్పలేదు. మర్నాడు పొద్దున నేను చిలుకల గదికి పోతుంటే అరుగు మీద గోడకానుకుని కూర్చుని ఉంది.

"ఇట్లా రామే."

పోయి నిలబడ్డాను.

"పురుగులూ సైన్సూ పక్కన పెట్టు. వాడు తాగుతాడా?"

"లేదవ్వా."

"చెడు తిరుగుళ్లు తిరుగుతాడా?"

"లేదు."

"నిన్ను ఎన్నడన్నా ఒగ మాటన్నాడా?"

"అనలేదు. మామ మంచోడు."

"మరి?"

నిన్నయితే ఏదో ఒకటి వెతికేదాన్ని. రెండు ప్రతులనీ, జంట గీతలనీ. ఈ రోజు వెతకలేదు.

"వద్దవ్వా."

అవ్వ కొంగు దులుపుకుంది. "ఈ మొండితనం యాడ నుంచి వచ్చె నీకు? మీ అమ్మ ఎదురు చెప్పి ఎరగదు, మీ నాయన ఎరగడు."

"నీదే అవ్వా. అమ్మ దిక్కు నుంచీ నువ్వే, నాయన దిక్కు నుంచీ మీ వాళ్లే. నాకు తప్పించుకునే దారి యాడుండాది?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. సంచి తీసుకుని లేచింది. బస్టాండు దాకా నేను సంచి మోస్తానంటే ఇవ్వలేదు, రావద్దని మాత్రం అనలేదు. పెనుకొండ బస్సెక్కి అవతలి వైపు సీట్లో కూర్చుంది. బస్సు కదిలేదాకా ఈ వైపు తిరగలేదు. ఆ తర్వాత రెండు పండగలకు మా ఇంటికి రాలేదు. నేను కూడా క్షమించమని అడగలేదు.